ఆ దారి ఎవరిది? కన్యాకుమారి నుంచి వైకోం దాకా



మేము కేరళ తీరం వెళ్లివచ్చామని తెలిసినప్పటి నుంచి చాలామంది ఫోన్ చేసి ఫొటోలు అడిగారు. పిల్లలు వాటిని వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. సముద్రంలో కాళ్లు తడుపుకొంటున్న అమ్మగారు, హౌస్‌బోటు ముందు వరసగా నిలబడ్డ సంఘపెద్దలు, అరటి ఆకులో భోజనం, అన్నీ చూశారు. అయితే ఫొటోలకు అందనిది ఒకటుంది. అది మీతో చెప్పాలనే ఈ వారం రాయడానికి కూర్చున్నాం.

మొత్తం పదకొండు మందిమి. కన్యాకుమారిలో రైలు దిగి, ఒక టెంపో ట్రావెలర్ మాట్లాడుకొని, సముద్రం వెంబడి ఉత్తరానికి బయలుదేరాం. ముందు బీచ్‌లు, తరువాత కొబ్బరి తోటలు, చివరికి బ్యాక్‌వాటర్స్. 66వ నంబరు జాతీయ రహదారి కన్యాకుమారి నుంచి మహారాష్ట్రలోని పన్వేల్ దాకా పోతుంది. మేము చూసింది దాని కింది కొస మాత్రమే, మూడు వందల కిలోమీటర్లు కూడా ఉండదు. నాలుగు రోజులు తిరిగాం. ఎక్కడ కావాలంటే అక్కడ బండి ఆపాం, ఏ వీధిలో కావాలంటే ఆ వీధిలో నడిచాం. మీరెవరు, ఏ కులం అని ఒక్కరూ అడగలేదు. అడగకపోవడం కూడా ఒక సంగతేనా అని మీరు అనుకోవచ్చు. బయలుదేరిన రోజు మేమూ అలాగే అనుకొన్నాం.

మైలాడి: అడగడానికి వెళ్లిన మనిషి

కన్యాకుమారిలో సూర్యోదయం చూశాం. సముద్రంలో వివేకానంద స్మారక శిల, దాని పక్కనే 2000 జనవరి 1న ఆవిష్కరించిన 133 అడుగుల తిరువళ్లువర్ విగ్రహం. అందరూ చూసేవే మేమూ చూశాం. ఈ జిల్లా ఇప్పుడు తమిళనాడులో ఉంది కానీ పూర్వం తిరువాంకూరు సంస్థానంలోది. 1956 నవంబరు 1న, అంటే మన ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజునే, ఇది మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అందుకే ఈ ప్రయాణంలో తమిళనాడు, కేరళ అని రెండు రాష్ట్రాలు తగిలినా, మేము చదువుకొన్న చరిత్రంతా ఒకే పాత రాజ్యానిది.

అక్కడికి కొద్ది దూరంలో మైలాడి అనే ఊరుంది. 1800కు ముందు అక్కడ మహారాసన్ అనే సాంబవర్ కులస్తుడు ఉండేవాడు. ఆ కులాన్ని అంటరానిదిగా చూసేవారు. అతను చిదంబరం యాత్రకని బయలుదేరి, తంజావూరులో సువార్త విన్నాడు. అక్కడే బాప్తిస్మం పొంది వేదమాణిక్కం అయ్యాడు. ఇంటికి తిరిగొచ్చి తనవాళ్లకు చెప్పాడు. కొద్దిమంది నమ్మారు. వాళ్లకు నేర్పేవాడు కావాలని మిషనరీని అడగడానికి మళ్లీ ప్రయాణం కట్టాడు. అప్పుడు లండన్ మిషన్ తరఫున పనిచేస్తున్న రింగెల్‌టౌబె అనే జర్మన్ సేవకుడు 1806లో తిరువాంకూరుకు వచ్చాడు. మందిరం కట్టుకోవడానికి వెంటనే అనుమతి దొరకలేదు. చివరకు 1809లో మైలాడిలో మందిరం లేచింది.

మిషనరీ వచ్చి సువార్త తెచ్చాడని మనం మామూలుగా చెప్పుకొంటాం. ఇక్కడ జరిగింది వేరు. దారి నడిచి వెళ్లి అడిగినవాడు వేదమాణిక్కం. 1816లో రింగెల్‌టౌబె ఆరోగ్యం చెడి వెళ్లిపోయినప్పుడు సంఘాలను అప్పగించింది కూడా అతనికే. ఆ జర్మన్ సేవకుడు తరువాత ఏమయ్యాడో, ఎక్కడ కన్నుమూశాడో చరిత్రకు అందలేదు. సంఘం మాత్రం నిలిచింది.

నాగర్‌కోయిల్: పై బట్ట కోసం

నాగర్‌కోయిల్‌లో చార్లెస్ మీడ్, చార్లెస్ మాల్ట్ అనే మిషనరీలు, వాళ్ల కుటుంబాలు పనిచేశాయి. 1893 నుంచి స్కాట్ క్రిస్టియన్ కాలేజీ అని పిలుస్తున్న విద్యాలయం 1800ల తొలినాళ్లలో మిషనరీలు పెట్టిన బడిలోంచి పెరిగిందే. మార్తా మాల్ట్ అమ్మగారు ఆడపిల్లలకు బడి పెట్టి, దిండు మీద దారపు కండెలతో లేసు అల్లడం నేర్పింది. ఆ సంపాదనతో కొందరు బానిస యువతులు తమ విడుదల తామే కొనుక్కున్నారని మిషన్ చరిత్రలో చెబుతారు. మాతో వచ్చిన నర్సాపురం వైపు అక్క ఒకామె ఈ మాట విని చాలాసేపు మాట్లాడలేదు. ఆమె చిన్నతనమంతా వాళ్లమ్మ పక్కన కూర్చుని లేసు అల్లడంతోనే గడిచింది. ఆ రోజుల్లో వాళ్లింట్లో బియ్యం కొన్నది ఆ డబ్బుతోనే.

ఆ కాలంలో తిరువాంకూరులో నాడార్ స్త్రీలు, వాళ్లకంటే తక్కువ అనిపించుకొన్న కులాల స్త్రీలు పై కులాలవారి ముందు రొమ్ము కప్పుకోకూడదు. అది ఆచారం, ఆజ్ఞ కూడా. క్రైస్తవులైన నాడార్ స్త్రీలు రవికె తొడుక్కోవచ్చని 1810లలో దివానుగా ఉన్న మన్రో అనుమతిచ్చాడు. వాళ్లు పై బట్ట కూడా వేసుకోవడం మొదలుపెట్టేసరికి గొడవలు లేచాయి. 1822లో, 1828-29లో, మళ్లీ 1858-59లో సంతల్లో స్త్రీల మీద చెయ్యి చేసుకొని బట్టలు చింపారు. బడులు, ప్రార్థన మందిరాలు తగలబెట్టారు. చివరికి 1859 జూలైలో మహారాజు ప్రకటన వచ్చింది. క్రైస్తవులైనా హిందువులైనా నాడార్ స్త్రీలందరూ పైన కప్పుకోవచ్చు, అయితే పై కులాల స్త్రీలలాగా మాత్రం కాదు అని అందులో ఉంది. మొదటి గొడవ నుంచి ఆ ప్రకటన దాకా 37 ఏళ్లు పట్టింది.

ఆదివారం చీరకొంగు సర్దుకొని మందిరానికి వచ్చే తల్లులారా, ఆ కొంగు కోసం సంతలో దెబ్బలు తిన్న అక్కలు మనకున్నారని మరచిపోకండి.

వెంగానూరు: ఎడ్లబండి

మార్తాండం, నెయ్యాట్టిన్‌కర దాటి బలరామపురం వచ్చాం. నేత చీరలకు, పంచెలకు పేరున్న ఊరు. అక్కడి నుంచి సముద్రం వైపు దిగితే విళింజం, కోవళం. కోవళంలో లైట్‌హౌస్ కింద సాయంత్రం పిల్లలు అలలతో ఆడుకొన్నారు. ఆ బీచ్‌కు కొన్ని కిలోమీటర్ల దూరంలోనే వెంగానూరు ఉంది. 1863లో అయ్యన్‌కాళి పుట్టిన ఊరది. ఆయన పులయ కులస్తుడు. ఆయన క్రైస్తవుడు కాదు. అయినా ఆయన కథ మనం నేర్చుకోవలసినదే.

తిరువాంకూరులో 1855లో బానిసత్వాన్ని రద్దు చేశారు. అంతకుముందు పులయలను పొలంతోపాటు అమ్మేవారు, కొనేవారు. రద్దయ్యాక కూడా దారులు తెరుచుకోలేదు. పై కులాలవాళ్లకు ఇన్ని అడుగుల దూరంలో ఆగాలని ఒక్కో కులానికి ఒక్కో లెక్క ఉండేది. వస్తున్నామని దూరం నుంచే కేక వేయాలి. ఎవరైనా ఎదురైతే రోడ్డు దిగి పొలంలోకి పోవాలి. 1893లో అయ్యన్‌కాళి ఒక ఎడ్లబండి కొన్నాడు. తెల్ల పంచె కట్టి, పైన కండువా వేసి, తలపాగా చుట్టి, ఎడ్ల మెడలో గంటలు మోగుతుండగా రాజమార్గం మీద బండి తోలాడు. ఆ రోజుల్లో అది ఒక మనిషి చేసిన తిరుగుబాటు. తరువాత తనవాళ్లతో కలిసి బలరామపురం వీధిలో నడిచినప్పుడు పెద్ద కొట్లాటే జరిగింది.

ఆ తరువాత పిల్లల చదువు. బడిలో చేర్చుకోరు. తానే బడి కడితే తగలబెట్టారు. అప్పుడాయన పొలం పనివాళ్లందరినీ పనిలోంచి దించాడు. మా పిల్లలు బడికి వెళ్లనంతకాలం మీ పొలాలకు మేము రాము అన్నాడు. కూలి లేక కడుపులు మాడుతున్న ఆ రోజుల్లో విళింజం జాలర్లు ఒక్కో పడవకు ఒక పులయను ఎక్కించుకొని, పట్టిన చేపల్లో వాటా ఇచ్చి ఆదుకొన్నారని చెబుతారు. జాలరి పడవ అంటే మనకు గలిలయ సముద్రం గుర్తొస్తుంది. ఇక మీదట విళింజం కూడా గుర్తొస్తుంది.

ఆ రాత్రి బసలో ఇవన్నీ మాట్లాడుకొంటుంటే మా సంఘపెద్ద ఒకాయన మెల్లగా అన్నారు: "అయ్యగారూ, మా నాన్న పెద్దవీధి మొదట్లో చెప్పులు విడిచి చేత్తో పట్టుకొని నడిచేవాడు. ఆ వీధి దాటాకే కాళ్లకు తొడుక్కొనేవాడు. నేను కూడా రెండు మూడుసార్లు అలా నడిచాను." ఇన్నేళ్లుగా ఆయనతో కలిసి ప్రభువు బల్లలో పాలు పొందుతున్నాం. ఈ మాట మేము వినడం అదే మొదటిసారి.

కొల్లం: రాగిరేకుల మీద మనుషులు

వర్కలలో ఎర్రటి కొండ అంచు నేరుగా సముద్రంలోకి దిగుతుంది. అక్కడ కాసేపు నిలబడి, శివగిరిలో నారాయణగురు సమాధి చూసి, కొల్లం చేరాం. అష్టముడి సరస్సు దగ్గరే బ్యాక్‌వాటర్స్ మొదలవుతాయి.

మన దేశ క్రైస్తవ చరిత్రలో అతి పాత పత్రాలలో ఒకటి ఈ కొల్లానిదే. క్రీ.శ. 849లో వేనాడు పాలకుడు అయ్యన్ అడిగళ్, మార్ సపీర్ ఈశో కట్టించిన తరిసాప్పళ్లి అనే మందిరానికి రాగిరేకుల మీద దానశాసనం రాయించి ఇచ్చాడు. సాక్షులు అరబీ, పహ్లవీ, హెబ్రీ లిపుల్లో సంతకాలు చేశారు. అంటే ముస్లింలు, పారశీకులు, యూదులు ఒక క్రైస్తవ మందిరం కోసం సాక్షులుగా నిలబడ్డారు. వెయ్యేళ్ల కిందట ఈ రేవులో అంత కలుపుగోలుతనం ఉండేదని ఎవరికైనా సంతోషమే. మాకూ సంతోషమే కలిగింది.

ఆ శాసనంలో ఇంకొకటి కూడా ఉంది. భూమితోపాటు నాలుగు ఈళవ కుటుంబాలను, ఒక చాకలి కుటుంబాన్ని ఆ మందిరానికి అప్పగించారు. వాళ్లను మీకిది ఇష్టమేనా అని ఎవరూ అడిగినట్టు లేదు. సాక్షులలో వాళ్ల సంతకం లేదు. మన సంఘం పొందిన ఆ పాత కానుకలోనే మనుషులు ఉన్నారు. ఈ మాట రాయడానికి కష్టంగా ఉంది, కానీ దాచకూడదు. మన పరిశుద్ధ గ్రంథం దావీదు పాపాన్ని దాచలేదు, పేతురు బొంకును దాచలేదు. సంఘ చరిత్ర రాసేవాళ్లం మనం దాచితే ఎట్లా?

కుట్టనాడు: నీటి కింద నేల

అలప్పుళ అంటే కాలువలు, కొబ్బరి పీచు, హౌస్‌బోట్లు. పాత లైట్‌హౌస్ 1862 నాటిది. 1816లో చర్చి మిషన్ సేవకుడు థామస్ నార్టన్ వచ్చి బడి పెట్టింది ఈ ఊళ్లోనే. మేమూ అందరిలాగే పడవ ఎక్కాం. రెండు పక్కలా గట్లు, గట్ల వెనక వరి. పడవలో కూర్చుని చూస్తే చేను మన కళ్లకంటే కిందికి ఉంది, నీళ్లు చేనుకంటే పైన ఉన్నాయి! కుట్టనాడు పొలాలు చాలావరకు సముద్ర మట్టానికి ఒకటి రెండు మీటర్లు దిగువన ఉంటాయి. పంట పెట్టాలంటే గట్టు కట్టి లోపలి నీళ్లు తోడేయాలి. ఈ సేద్యాన్ని 2013లో ఐక్యరాజ్యసమితి వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వ సేద్యంగా గుర్తించింది.

ఆ గట్లు ఎవరు కట్టారు? కొబ్బరి మొద్దులు, వెదుళ్లు నీళ్లలో దిగ్గొట్టి, సరస్సు అడుగుకు మునిగి బంకమట్టి పైకి తెచ్చి నింపినవాళ్లు పులయలు, పరయలు, ఇంకా అలాంటి కూలి జనం. మన కొల్లేరు చుట్టుపక్కల గట్టు పని చేసినవాళ్లకు ఆ చలి, ఆ నడుం నొప్పి ఏమిటో తెలుసు. వానాకాలంలో గండి పడి ఎంతకీ పూడకపోతే మనిషిని బలిగా అందులో పూడ్చేవారని అక్కడి కూలివాళ్ల పాటల్లో, కథల్లో ఉంది. పొలాల యజమానులలో మన విశ్వాసపు వాళ్లు, సిరియన్ క్రైస్తవులు, చాలామందే ఉండేవారు.

ఈ నీళ్ల ప్రాంతానికి ఎగువన ఎరవిపేరూర్ అనే ఊరుంది. 1879లో అక్కడ పొయ్‌కయిల్ యోహన్నాన్ పుట్టాడు. ఆయన ఇంటివాళ్లు ఒక సిరియన్ క్రైస్తవ కుటుంబానికి బానిసలు. ఆయన కూడా క్రైస్తవుడయ్యాడు, గొప్ప ప్రసంగీకుడయ్యాడు. కానీ ఏ సంఘంలోకి వెళ్లినా తనవాళ్లకు వేరే చోటు, వేరే మందిరం. ఒక సంఘం విడిచి ఇంకో సంఘంలో చేరాడు. అక్కడా అదే. చివరకు 1909లో ప్రత్యక్ష రక్షా దైవ సభ అని వేరుగా పెట్టుకొని మన మధ్యలోంచి వెళ్లిపోయాడు. ఆయన బోధ అంతా మనం ఒప్పుకోలేకపోవచ్చు. అయితే ఆయన ఎందుకు వెళ్లాడు? వాక్యం నచ్చక కాదు, బెంచీ దొరకక వెళ్లాడు.

అక్కడే మంచి సంగతి కూడా విన్నాం. 2018 ఆగస్టు వరదల్లో కుట్టనాడు, చెంగన్నూరు మునిగినప్పుడు కొల్లం, తిరువనంతపురం తీరాల జాలర్లు తమ సముద్రపు పడవలను లారీల మీద ఎక్కించి తీసుకొచ్చారు. పడవ అడుగున గోడలు తగిలి పగిలిపోతాయని తెలిసీ వీధుల్లోకి నడిపారు. మునిగిన ఇళ్ల నుంచి మనుషుల్ని ఎత్తుకొచ్చారు. ఎవరిల్లని అడగలేదు. బీచ్ నుంచి బ్యాక్‌వాటర్స్‌కు మేము సరదాగా చేసిన ప్రయాణం వాళ్లు ప్రాణాలు కాపాడటానికి చేశారు.

వైకోం: ఆగిపోయినవాడు

తన్నీర్ముక్కం దగ్గర వేంబనాడు సరస్సుకు అడ్డంగా పెద్ద కట్ట ఉంది. వేసవిలో ఉప్పునీరు పొలాల్లోకి ఎగదన్నకుండా దాని తలుపులు మూస్తారు. ఆ కట్ట మీదుగా సరస్సు దాటి వైకోం చేరాం. రేవులో సౌరశక్తితో నడిచే ప్రయాణికుల పడవ ఉంది, 2017 నుంచి తిరుగుతోంది. పిల్లలు దాన్ని చూస్తుండగా మేము మహాదేవ ఆలయం చుట్టూ ఉన్న వీధుల వైపు నడిచాం.

వంద సంవత్సరాల కిందట ఆ వీధుల మొదట్లో పలకలు ఉండేవి. ఈళవలు, పులయలు, ఇంకా అంటరాని వారన్నవాళ్లు అవి దాటి పోకూడదు. గుడిలోకి వెళ్లే మాట కాదిది. గుడి పక్క రోడ్డు మాట. అదే మనిషి క్రైస్తవుడో ముస్లిమో అయితే ఆ రోడ్డు మీద నడవవచ్చు.

1924 మార్చి 30న సత్యాగ్రహం మొదలైంది. మొదటి రోజు ముగ్గురు చేతులు పట్టుకొని ఆ పలక దగ్గరకు నడిచారు. కుంజప్పి పులయ, బాహులేయన్ ఈళవ, గోవింద పణిక్కర్ నాయర్. పోలీసులు కులం అడిగారు. నాయర్ వెళ్లవచ్చు, మిగతా ఇద్దరూ వెళ్లకూడదు అన్నారు. గోవింద పణిక్కర్ వెళ్లలేదు. వాళ్లు లేకుండా నేను వెళ్లనని ఆగిపోయాడు. ముగ్గురినీ అరెస్టు చేశారు.

ప్రియులారా, మేము ఆ వీధి మొదట్లో నిలబడి దీన్నే తలచుకొన్నాం. దారి మూసి ఉన్నవాడు పోరాడటం ఒక ధైర్యం. దారి తెరిచి ఉన్నవాడు పక్కవాడి కోసం ఆగిపోవడం ఇంకో ధైర్యం. మన ప్రభువు చేసింది ఈ రెండోది కాదా? మహిమలో ఉండగలిగినవాడు మన పక్కకు దిగి నిలిచాడు.

మరి ఆ రోజుల్లో ఆ వీధిలో స్వేచ్ఛగా నడిచిన క్రైస్తవులు? చాలామంది నడుచుకొంటూ వెళ్లిపోయారు. ఆగినవాడు ఒకడున్నాడు. చెంగన్నూరుకు చెందిన బారిస్టర్ జార్జ్ జోసఫ్. ఆయన సత్యాగ్రహంలో దిగి జైలుకెళ్లాడు. ఇది హిందువులు తమలో తాము తీర్చుకోవలసిన పాపం, మీరు పక్కకు ఉండండని గాంధీ ఆయనకు రాశారు.

1924 జూలైలో మహా వరద వచ్చింది. వీధుల్లో నీళ్లు నిలిచినా సత్యాగ్రహులు వంతుల ప్రకారం నడుములోతు నీటిలో పలక ముందు నిలబడ్డారు. మరుసటి మార్చిలో గాంధీ వచ్చి ఇండంతురుత్తి మన అనే నంబూద్రి ఇంట్లో మాట్లాడారు. ఆయన వైశ్యుడు కనుక ఇంటి లోపలికి రానివ్వలేదు, బయటి మండపంలోనే కూర్చోబెట్టారు. 1925 నవంబరులో మూడు వైపుల రోడ్లు అందరికీ తెరిచారు, తూర్పు వైపుది మూసే ఉంచారు. ఆలయ ప్రవేశం 1936 నవంబరు 12న వచ్చింది. ఆ నంబూద్రి ఇల్లు ఇప్పుడు కల్లుగీత కార్మికుల సంఘం ఆఫీసు!

మన కాలువ వంతెన

తిరుగు రైల్లో మా పెద్దల మధ్య మాట మన ఊరి మీదికి మళ్లింది. మనకూ ఒక దారి ఉంది. ప్రతి మట్టల ఆదివారం మట్టలు పట్టుకొని, పాటలు పాడుతూ మన పేట అంతా తిరుగుతాం. పెద్దవీధిలో కూడా తలెత్తుకొని నడుస్తాం. కాలువ వంతెన దాకా వెళ్లి వెనక్కి తిరుగుతాం. వంతెన అవతల కూడా బాప్తిస్మం పొందినవాళ్లే ఉన్నారు. వాళ్లకొక మందిరం, మనకొక మందిరం. ఎందుకో ఇక్కడ రాయనక్కరలేదు, మీకందరికీ తెలుసు. అక్కడ ఎవరూ పలక పాతలేదు. ఇన్నేళ్లుగా ఊరేగింపును వెనక్కి తిప్పుతున్నది పోలీసులు కాదు, మేమే. ముందు నడిచే పాస్టరు ఎటు తిరిగితే జనం అటే తిరుగుతారు. ఈ తప్పు మాదే. ప్రభువు ముందు, మీ ముందు ఒప్పుకొంటున్నాం.

మొదటి విశ్వాసులకు క్రైస్తవులనే పేరు రాకముందు, వాళ్ల విశ్వాసాన్ని అపొస్తలుల కార్యములలో 'మార్గము' అని పిలిచారు. గోడ అనలేదు, గట్టు అనలేదు.

అవతలి సంఘపు అయ్యగారిని ఈ శుక్రవారం కలవబోతున్నాం. ఆయన ఒప్పుకొంటే వచ్చే మట్టల ఆదివారం వంతెన దాటుదాం. వాళ్లు మన పేటకు వస్తారు, మనం వాళ్ల పేటకు వెళదాం. మనలో కొందరికి ఇది నచ్చదని తెలుసు. నచ్చనివాళ్లు ఇంటికి వచ్చి మాట్లాడండి, కోపంగానైనా సరే. మీరు లేకుండా దాటాలని మాకు లేదు. అయితే ఈసారి వంతెన దగ్గర వెనక్కి తిరగమని మాత్రం అడగకండి.

ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి. దేవునికే మహిమ కలుగును గాక. ఆమేన్.